ముస్తాక్ మాస్టరు తడి తువ్వాలు

బెజవాడలో బిర్యానీ వండే మాస్టర్లు బోలెడంతమంది ఉన్నారు. కానీ తన చావుకి తనే గడువు పెట్టుకుని, ఆ గడువులోగా అందరికీ అప్పగింతలు పెట్టేసి, తీరా చావకుండా బతికిపోయి, ఇచ్చినవన్నీ వెనక్కి అడిగిన మాస్టరు మాత్రం ఒక్కడే. ఆయన మా ముస్తాకన్నయ్య.

నా పేరు శివపార్వతి. గవర్నర్‌పేటలో హోల్‌సేల్ కొట్ల వెనక సందులో కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. అన్నయ్య పెళ్ళి వంట ఒప్పుకుంటే ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి పని నాది. నాతో మా సందులో ఆడవాళ్ళు కొందరు వస్తారు. నాకు నోరెక్కువని వాళ్ళందరూ అంటారు. బస్తాలకొద్దీ ఉల్లిపాయలు తరిగి కళ్ళు పోగొట్టుకున్న మనిషికి నోరు తప్ప ఇంకేం మిగులుతుంది చెప్పండి!

అన్నయ్యకి రెండు పట్టింపులుండేవి. మొదటిది తువ్వాలు. ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు నీళ్ళలో ముంచి, ఒక్క పిండు పిండి, లుంగీ మీద నడుముకి బిగించి కట్టేవాడు. పొయ్యి దగ్గర నిలబడేవాడికి నడుం చల్లగా ఉండాలట. వాళ్ళ నాన్న అలాగే కట్టేవాడట, తాతా అంతేనట. ఆరిపోతే మళ్ళీ తడిపి కట్టడమే. ఇంటికొచ్చాక దాన్ని బకెట్లో పడేసేవాడు. మర్నాడు అదే తువ్వాలు, అదే నడుం.

రెండోది దుప్పటి. బిర్యానీకి దమ్ పెట్టే వేళకి ఆ పెద్ద రాగి డేగిసా చుట్టూ కర్రలు పాతించి దుప్పట్లు కట్టించేవాడు. పొయ్యి వేసే ఆమోసుకే ఆ పని అప్పగించేవాడు. మూతకి పిండి ముద్ద అతికించి, పైన నిప్పులు పోశాక ఇక లోపల అన్నయ్య ఒక్కడే. చాలాసేపటికి చెమటతో, ఆవిరితో తడిసి ముద్దయి బయటికొచ్చి, "దించండర్రా" అనేవాడు. లోపల ఏ పొడి చల్లుతాడో, ఏం చదివి ఊదుతాడో ఎవరికీ తెలీదు. కట్టుకున్న పెళ్ళాం నజీమా వదినకే తెలీదు.

వాళ్ళ అమ్మాయి సనోబర్‌కి ఆ దుప్పట్ల లోపలికి వెళ్ళాలని ఊహ తెలిసినప్పట్నించీ ఆశ. ఇంటర్ పాసయింది, టైపు నేర్చుకుంది, మనసు మాత్రం గరిటె మీదే ఉండేది.

"పెళ్ళి పొయ్యి దగ్గర ఆడపిల్లేంటి? చూసినవాళ్ళు నవ్విపోతారు" అనేవాడు అన్నయ్య. "ఇంట్లో వండుకో, వద్దన్నానా?"

"ఇంట్లో వండితే తినేది మీరే కదా అబ్బా. తినేదంతా తిని ఉప్పు తక్కువంటారు" అనేది ఆ పిల్ల వాళ్ళ నాన్నతో. నాకు ఆ పిల్లంటే అందుకే ప్రాణం.

తొంభై తొమ్మిది వేసవి. బెజవాడ ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఒకరోజు నేను మెట్ల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంటే వాళ్ళ గదిలో వింత కనిపించింది. అన్నయ్య బనీను పైకెత్తి నిలబడ్డాడు. వదిన ఆయన వీపు వెనక ఒక అద్దం పట్టుకుంది. ఆయన చేతిలో ఇంకో అద్దం. ఇద్దరూ అద్దాల్లోకి చూస్తున్నారు.

"ఏంటన్నయ్యా, ఈ వయసులో షోకులు?" అన్నాను.

అన్నయ్య నవ్వలేదు. "సర్పి చెల్లెమ్మా" అన్నాడు. "వెనకాల ఇంకా జానెడు మిగిలింది."

నా చేతిలో వెల్లుల్లి చేతిలోనే ఉండిపోయింది. మా వైపు పెద్దవాళ్ళ మాట ఒకటుంది. సర్పి నడుం మీద పాములా పాకుతుందని, అలా చుట్టూ తిరిగి తలా తోకా కలిసిన రోజున మనిషి దక్కడని. అన్నయ్యకి అది మాటగా వినడమే కాదు, వాళ్ళ మేనమామ అలాగే పోయాడని గట్టి నమ్మకం. నడుం పక్కన కొంచెం చూపించాడు. తువ్వాలు కట్టేచోటే ఎర్రటి అంచు, కాస్త ఉబ్బి, పొట్టు రాలుతోంది. అంచు లోపల చర్మం మామూలుగానే ఉంది. ఆ అంచు వంకర్లు తిరుగుతూ వెనక్కి పోయింది. చూస్తే నిజంగానే ఏదో పాకుతున్నట్టుంది.

"నొప్పా?"

"నొప్పి కాదు. దురద. చెమట పడితే పిచ్చెక్కిపోతోంది."

"డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా!"

"సూది పడితే సర్పి లోపలికి తిరుగుతుంది. ఆ మాత్రం నాకు తెలీదా?" అని నా మీదే కోప్పడ్డాడు. వదిన నావైపు చూసి, నెల రోజులుగా చెబుతున్నా వినట్లేదన్నట్టు నుదురు కొట్టుకుంది.

డాక్టరు వద్దన్నవాడు మిగతావన్నీ చేశాడు. ఎవరో చెబితే ఎర్రమట్టి పూయించుకొచ్చాడు. తర్వాత మందుల షాపుకెళ్ళి దురదకి ఏదైనా ఇమ్మన్నాడు. వాళ్ళిచ్చిన క్రీము పూస్తే రెండు రోజుల్లో దురద ఎగిరిపోయింది, ఎరుపూ వెలిసింది. ఇంటిల్లిపాదికీ ఫలూదా తెప్పించాడు. "తోక ముడిచిందే!" అని సందంతా చాటాడు. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. క్రీము మానిన వారానికి అది ఇదివరకటికంటే జోరుగా పొట్ట మీదికి, వెనక్కి పాకింది. మళ్ళీ పూస్తే మళ్ళీ తగ్గినట్టే తగ్గి ఇంకాస్త పాకింది. జానెడు కాస్తా బెత్తెడయింది.

అప్పట్నించీ అన్నయ్య మనిషే మారిపోయాడు. రోజూ పొద్దున్నే అద్దాల్లో చూసుకుని, ఇంక తన పని అయిపోయిందనుకుని, పంపకాలు మొదలుపెట్టాడు. తన సైకిలు ఆమోసుకి ఇచ్చేశాడు. నేను ఏళ్ళ తరబడి అడుగుతున్న పెద్ద కత్తిపీట నా వాకిట్లో పెట్టి, "నువ్వు తరిగినంత సన్నగా బెజవాడలో ఎవరూ తరగలేరు చెల్లెమ్మా" అన్నాడు. పొద్దున లేస్తే "ఇవి ముక్కలా, ఇటుకలా?" అని నన్ను తిట్టే మనిషి! నాకు కత్తిపీట అందిన సంతోషం కూడా మిగల్లేదు. ఇంకోరోజు భోజనాల దగ్గర అందరూ వింటుండగా, "నజీమా చేసే ఖీమా ముందు నాది దేనికీ పనికిరాదు" అన్నాడు. పెళ్ళయినప్పట్నించీ వదిన చెవికోసుకున్న మాట అది. ఆవిడ విని సంతోషించకపోగా, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చింది కంకిపాడు వంట. అక్కడ రామకోటేశ్వరరావు గారని పెద్ద రైతు. వాళ్ళమ్మాయి అక్షయ పెళ్ళి, మర్నాడు విందు. వాళ్ళ ధాన్యం షెడ్డు పక్కన పొయ్యిలు వేశాం. సనోబర్ కూడా నాతో ఉల్లిపాయలు తరగడానికి వచ్చింది. దమ్ పెట్టే వేళకి ఆమోసు దుప్పట్లు కట్టాడు. అన్నయ్య లోపలికి వెళ్ళబోతూ ఆగి, వెనక్కి తిరిగాడు.

"సనోబర్, రా" అన్నాడు.

నా చుట్టూ కత్తిపీటలన్నీ ఆగిపోయాయి. ఆ పిల్ల తనను కాదేమోనన్నట్టు అటూ ఇటూ చూసింది. చెప్పులు విడిచి, చున్నీ సర్దుకుని లోపలికి వెళ్ళింది. మరి నేను? కూర్చుంటానా! దుప్పటి అతుకు దగ్గర కన్ను పెట్టాను.

అన్నయ్య చెక్క తెడ్డు తీసుకున్నాడు. ఒక కొస డేగిసా పొట్టకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. కాసేపు విని, తెడ్డు కూతురి చేతికిచ్చాడు. వాళ్ళు మాట్లాడుకున్నది ఉర్దూలో. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాక నాకూ అర్థమవుతుంది.

"ఏం వినిపిస్తోంది?"

"బుడబుడమంటోంది."

"అది నీరు. అది తగ్గి, చిటచిట మొదలవుతుంది. అప్పుడు నెయ్యి అడుక్కి దిగినట్టు. ఆ చిటచిట ఎండిపోకముందే దించాలి. ఎండితే మాడిందన్నమాట."

"తర్వాత?"

"తర్వాతేముంది? అంతే."

"మరి మీరు చల్లే పొడి?"

"ఏ పొడీ లేదు తల్లీ."

"మరి ఈ దుప్పట్లెందుకబ్బా?"

అన్నయ్య మొహం చూడాలి అప్పుడు! "అంత పేరున్న మాస్టరు తెడ్డు చెవిలో పెట్టుకుని కూర్చుంటే జనం నవ్వరూ?" అన్నాడు.

సనోబర్ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. "ఇన్నాళ్ళూ చెప్పనివారు ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"నడుం మీద బెత్తెడే మిగిలింది. నువ్వు వినడం నేర్చుకుంటే నేను లేకపోయినా మన డేగిసా మాడదు" అన్నాడాయన. తెడ్డు పట్టుకున్న కూతురి చేతిని తన చేత్తో ఇంకాస్త సరిగ్గా ఆనించాడు. నేను ఉల్లిపాయల దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాను. ఆ రోజు నా కళ్ళ నీళ్ళకి ఉల్లిపాయలతో పని లేకపోయింది.

కంకిపాడు నుంచి వచ్చిన వారానికి సనోబర్ మేడ మీదికొచ్చి చెయ్యి చాపింది. "అత్తా, ఇదేంటో చూడు."

మోచేతికి కింద గుండ్రంగా రూపాయి బిళ్ళంత మచ్చ. ఎర్రటి అంచు, మధ్యలో మామూలు చర్మం, పొట్టు. నేను నా చెయ్యి కూడా తిప్పి చూసుకున్నాను. ఎందుకంటే, నా మోచేతి మడతలో కూడా అలాంటిదే వచ్చి నేను చెమటకాయలనుకుంటున్నాను. ఆ పిల్ల వాళ్ళ అబ్బా తువ్వాలు పిండి చేతిమీద వేసుకుని తిరుగుతుంది. నేనేమో వేడి గిన్నె దించాలంటే చేతికందిన ఆ తువ్వాలే చుట్టుకుంటాను. ఇంకేం, దబదబా మెట్లు దిగాను.

"అన్నయ్యా! నీ సర్పి నడుం దిగి నా చేతికెక్కిందయ్యా. ఇదిగో చూడు, గుండ్రంగా ఉంది. దీనికి తలేది, తోకేది? ఇది పుట్టుకతోనే కలిసిపోయింది, మరి నేను చచ్చానా?"

నన్ను పట్టించుకోలేదు. కూతురి చెయ్యి చూశాడు. తన నడుం కోసం ఇన్నాళ్ళూ ఒక్క కన్నీటిచుక్క రాల్చని మనిషి మొహం సున్నం కొట్టినట్టయింది. "నాకైతే సరే. దీనికెందుకు?" అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపాడు. నజీమా వదిన, సనోబర్, నేను, అన్నయ్య, ఒకళ్ళ మీద ఒకళ్ళం ఇరుక్కుని కూర్చున్నాం. అన్నయ్య సూది గురించి ఒక్క మాటా ఎత్తలేదు.

కృపానందం గారు చర్మం డాక్టరు. నెమ్మదస్తుడు. అన్నయ్య సర్పి కథంతా, మేనమామ చావుతో సహా, మధ్యలో ఆపకుండా విన్నారు. నడుం చుట్టూ చూశారు, మా చేతులు చూశారు. మొద్దు బ్లేడుతో అన్నయ్య మచ్చ అంచున పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, ఏదో మందు చుక్క వేసి పక్కన పెట్టారు. కాసేపటికి మైక్రోస్కోపులో చూసి, "రండి మాస్టారూ, మీరూ చూడండి" అన్నారు.

అన్నయ్య భయం భయంగా కన్ను పెట్టాడు. "సన్నటి సేమ్యా పోగుల్లా ఉన్నాయండీ."

"అదే బూజు. దీన్ని తామర అంటారు. ఇది సర్పి కాదు."

"కాదా?"

"సర్పికి ముందు మంట, నొప్పి ఉంటాయి. తర్వాత నీటిపొక్కులు గుత్తులుగా వస్తాయి. మామూలుగా ఒంటికి ఒక పక్కనే ఉంటుంది. పొక్కులు లేచిన రెండు మూడు రోజుల్లోనే మా దగ్గరికి వస్తే దానికీ మందుంది. మీకున్నది దురద. గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా. ఇంట్లో ఒకళ్ళనుంచి ఒకళ్ళకి అంటింది. ఇది తామరే."

అన్నయ్య నడుం తడుముకున్నాడు. "మరి తలా తోకా కలిస్తేనండీ?"

"కలిస్తే ఇంకాస్త ఎక్కువ దురద పెడుతుంది" అన్నారు డాక్టరుగారు.

వదినకి ఎక్కడ్నించి వచ్చిందో నవ్వు! ఆపుకోలేక కుర్చీలో కూర్చుండిపోయింది. "ఆ మామూకి తొంభై ఏళ్ళండీ. సర్పి తగ్గాక రెండు పెళ్ళిళ్ళలో కడుపునిండా తిని మరీ పోయాడు. ఎంత చెప్పినా వినడు ఈయన" అంది. ఇన్నాళ్ళ దిగులంతా ఆ నవ్వులో పోయింది.

తర్వాత అక్షింతలు పడ్డాయి. మందుల షాపు క్రీము గొట్టం చూపిస్తే డాక్టరుగారు తల ఊపారు. "ఇది దురదని నిద్రపుచ్చుతుంది, బూజుని చంపదు. కాపలావాడు నిద్రపోతే దొంగకి పండగే కదా. ఇక దీన్ని ముట్టుకోకండి." తడి తువ్వాలు సంగతి అన్నయ్య సగం చెప్పాడు. దుప్పట్ల సంగతి చెప్పకుండా దాటేయబోయాడు. నేనూరుకుంటానా? మొత్తం చెప్పేశాను.

"వేడి, చెమట, తడిబట్ట, పైగా గాలాడకుండా ఆవిరి. బూజుకి ఇంతకంటే మంచి ఇల్లు ఎవరు కట్టిస్తారు మాస్టారూ?" అన్నారాయన. "నడుముకి తువ్వాలు వద్దు. దుప్పట్లు కూడా తీసేయండి."

"దుప్పట్లు లేకపోతే నేను మాస్టర్నెలా అవుతానండీ?" అన్నాడు అన్నయ్య. చావడానికి సిద్ధపడ్డవాడు దుప్పటికి మాత్రం సిద్ధపడలేదు.

ఆ వర్షాకాలమంతా మా ఇంట్లో తువ్వాళ్ళ యుద్ధం. ఎవరి తువ్వాలు వాళ్ళదే. ఒంటి బట్టలు, దుప్పట్లు మరిగే నీళ్ళలో వేసి ఉతకడం, ఎండ వస్తే ఎండలో, రాకపోతే ఇస్త్రీపెట్టె కింద పూర్తిగా ఆరబెట్టడం. స్నానం చేశాక నడుం, మడతలు పొడిగా తుడుచుకుని, డాక్టరుగారిచ్చిన మందు మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు వేళ్ళ మేర కూడా రాయడం. అన్నయ్యకి మింగడానికి మాత్రలు కూడా ఇచ్చారు. మచ్చలున్న వాళ్ళందరం ఒక్కసారే మొదలుపెట్టాం. లేకపోతే తగ్గినవాళ్ళకి తగ్గనివాళ్ళు మళ్ళీ అంటిస్తారట. దురద పోగానే అన్నయ్య మందు అటకెక్కించేశాడు. మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయమన్నారు కదా అని సనోబర్ అటక మీంచి దించి చేతిలో పెట్టింది. "డేగిసా దించే వేళ నాకు చెప్పారుగా, మందు ఆపే వేళ నేను చెబుతాను" అంది. వానలు తెరిపిచ్చేసరికి నడుం మీద కాస్త నల్లటి నీడ తప్ప ఏమీ మిగల్లేదు. అదీ మెల్లగా పోయింది.

మందు నడుస్తుండగానే ఇంకో పెళ్ళి వంట వచ్చింది. దుప్పట్లు లేకుండా మొదటి దమ్. నలుగురిలో తెడ్డు చెవికి పెట్టుకోవడానికి అన్నయ్యకి తల తీసేసినట్టయింది. డేగిసా చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. తెడ్డు ఎత్తాడు, దించాడు. చివరికి కూతురి చేతిలో పెట్టి, "నువ్వు విను. నేను పక్కన నిలబడతా" అన్నాడు. ఆ పిల్ల అందరి ఎదుటా చెవి ఆనించింది. ఎవరూ నవ్వలేదు. పెళ్ళివాళ్ళు వంటలు చూడ్డానికి వచ్చి, డాక్టరు నాడి చూస్తుంటే నిలబడ్డట్టు నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆమె "దించండి" అన్నాక అన్నం మెతుకు మెతుకు విడిపోయి వచ్చింది.

పూర్తిగా నయమయ్యాక అన్నయ్యకి పాత బుద్ధులన్నీ తిరిగొచ్చాయి. ఆమోసుని సైకిలు అడిగాడు. వాడు ఇచ్చేశాడు, మంచివాడు. నన్ను కత్తిపీట అడిగాడు. నేను ఇవ్వలేదు. వదిన ఖీమాలో మళ్ళీ ఉప్పు తక్కువైంది. ఆ తర్వాత గొంతు సవరించుకుని కూతురితో, "చూడమ్మా, చచ్చిపోతాననుకుని నేర్పాను. ఇప్పుడు బతికాను కదా. మరి ఆ పని నాకిచ్చేయ్" అన్నాడు.

"ఎలా ఇవ్వను అబ్బా? చెవిలో పడిపోయింది. తీసుకోగలిగితే తీసుకోండి" అని తల వంచి చెవి చూపించింది. సందంతా వినపడేలా నవ్వాను నేను. అన్నయ్య ఆ చెవి పట్టుకుని మెలేశాడు, కానీ గట్టిగా కాదు.

ఇది జరిగి ఆరేళ్ళు దాటాక కంకిపాడులో అదే రామకోటేశ్వరరావు గారి అబ్బాయి పెళ్ళి. అదే షెడ్డు, అవే పొయ్యిలు. అన్నయ్య మడత నలగని పొడి తువ్వాలు భుజాన వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. నడుముకి కట్టుకుంటే ఒట్టు. దమ్ మీద సనోబర్ తెడ్డు ఆనించింది. సరిగ్గా అప్పుడే ఊరేగింపు వచ్చి బ్యాండువాళ్ళు షెడ్డు ముందే అందుకున్నారు. ఆ పిల్ల ఒక చెవి మూసుకుంది, తెడ్డు ఇటు తిప్పింది, అటు తిప్పింది. వినపడక ముఖం చిట్లించింది.

అన్నయ్య కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. ఒకప్పుడు జనం నవ్వుతారని దుప్పట్లు కట్టుకున్న మనిషి, పెళ్ళివాళ్ళందరి మధ్యకీ తువ్వాలు ఊపుకుంటూ పరిగెత్తాడు.

"ఆపండయ్యా, ఆ బ్యాండు ఆపండి! మాస్టరు వింటోంది!"